లోపలి కొలత

చేతికి తొడుక్కునే వస్తువు గురించి ఇరవై రెండేళ్లుగా నాకు ఎవరూ చెప్పింది లేదు. చెప్పబోయినవాళ్ల మాట నేను విన్నదీ లేదు. నా పేరు ప్రకాశం. కంచన్‌బాగ్‌లో లోహం కరిగించే ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్ని. హెల్మెట్లు, బూట్లు, కళ్లజోళ్లు, గ్లౌజులు, ఏదైనా సరే నా కిటికీలోంచే బయటికి వెళ్లాలి. అందులో గ్లౌజుల విషయంలో నాకు కాస్త పొగరు ఎక్కువ.

కొలిమి దగ్గర నిలబడేవాడి గ్లౌజు వదులుగా ఉండాలి. కరిగిన లోహం చుక్క ఒకటి లోపలికి జారిందనుకోండి, వాడు చెయ్యి ఒక్కసారి కిందికి విదిలిస్తే గ్లౌజు ఊడి నేల మీద పడాలి. పడకపోతే చేతి తోలు కూడా దాంతోపాటే వస్తుంది. అందుకని కొలిమివాళ్లు ప్రతి ఒక్కరూ నా కిటికీ ముందు గ్లౌజు తొడిగి విదిలించి చూపించాలి. ఊడిపడితే సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. ఊడకపోతే ఒక సైజు పెద్దది ఇస్తాను. మావాళ్లు దీనికి ప్రకాశం పరీక్ష అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, ఈ ఇరవై రెండేళ్లలో నేనిచ్చిన గ్లౌజు వల్ల ఒక్క చెయ్యి కాలలేదు.

ఇంత తెలిసినవాణ్ని కాబట్టే మా అమ్మాయి గ్లౌజు దగ్గర అంత ఘనంగా తప్పు చేశాను.

మా అమ్మాయి స్వీటీకి పదహారేళ్లు. సంతోష్‌నగర్‌లో పదో తరగతి చదువుతోంది. సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. పేరులోనే మెత్తదనం, ఆ బంతి మోకాలికి తగిలితే రెండు రోజులు కుంటాలి. అందులోనూ ఇది ఫాస్ట్‌పిచ్, బంతి వేగంగా వేసే రకం. బంతి వేసే పిల్లను పిచర్ అంటారు. సున్నంతో గీసిన ఒక గుండ్రటి గీత లోపల నిలబడి, చెయ్యి భుజం మీదుగా ఒక చుట్టు పూర్తిగా తిప్పి, తొడ పక్కనుంచి బంతి వదలాలి. నలభై మూడు అడుగుల అవతల బ్యాటు పట్టుకుని ఇంకో పిల్ల ఉంటుంది. ఆ పిల్ల సరిగ్గా కొట్టిందంటే వెళ్లిన వేగాన్ని మించిన వేగంతో బంతి వెనక్కి వస్తుంది. అప్పుడు పిచర్‌కు ఎడమ చేతి గ్లౌజు తప్ప ఇంకో దిక్కు లేదు. మా స్వీటీ పిచర్.

రెండేళ్లు బడి కిట్‌లో ఉన్న గ్లౌజుతోనే ఆడింది. ఎందరో పిల్లల చెమట తాగిన ఆ గ్లౌజు చివరికి అరచేతి దగ్గర పుటుక్కున చిరిగింది. సరిగ్గా అప్పుడే రాష్ట్ర జట్టు ఎంపికల తేదీ వచ్చింది. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల జట్టు, పిచర్లు ఇద్దరే. వచ్చే ఏడాదికి స్వీటీ వయసు దాటిపోతుంది. అంటే ఈ ఒక్కసారే. వాళ్ల కోచ్ అమరనాథ్ సార్ ఒక చీటీ రాసి పంపాడు. 'పన్నెండు అంగుళాల గ్లౌజు. వల మూసి ఉన్నది. చేతికి పట్టి ఉండాలి' అని అందులో ఉంది. వల అంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే తోలు అల్లిక.

చీటీ చదివి నవ్వాను. గ్లౌజు గురించి నాకు చీటీ రాసేవాడు పుట్టాడా అనుకున్నాను.

సుల్తాన్ బజార్‌లో ఆటసామాన్ల దుకాణానికి స్వీటీని తీసుకుని వెళ్లాను. దుకాణదారు పన్నెండు అంగుళాలది తీసి బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంతకంటే పెద్దది లేదా అని అడిగాను. పదమూడు అంగుళాలది ఉంది. దూరాన నిలబడి ఎత్తు బంతులు పట్టేవాళ్లకు అది అని దుకాణదారు చెప్పాడు. నేను వినిపించుకోలేదు. పెరిగే పిల్ల కదా. మా ఇళ్లలో ఏది కొన్నా రేపటికి కొంటాం. యూనిఫామ్ రెండు మడతలు లోపలికి వేసి కుట్టిస్తాం, బూట్లలో దూది కుక్కుతాం. మా ఇంట్లో ఏ వస్తువూ కొన్న ఏడాది సరిపోయిన పాపాన పోలేదు.

"తొడుక్కో బిడ్డా," అన్నాను. "ఇప్పుడు చెయ్యి కిందికి ఇదిలియ్యి."

స్వీటీ విదిలించింది. గ్లౌజు దుకాణం గచ్చు మీద దబ్బున పడింది.

"చూసినవా? కరెక్ట్ సైజ్."

"డాడీ, ఊడిపోతుంది గద," అంది స్వీటీ.

"ఊడాలె. గదే సేఫ్టీ."

"చేతి మీద తిరుగుతుంది డాడీ. సార్ పట్టి ఉండాలె అన్నడు."

"సార్‌కు ఆట ఎరుక. గ్లౌజ్ నాకెరుక. నువ్వు ఊకో."

దుకాణదారు బిల్లు పుస్తకం తీశాడు. పెద్ద సరుకు అమ్ముడుపోతుంటే ఎవరు మాత్రం అడ్డుపడతారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని ఆ రోజు ముగ్గురం ఒప్పుకుని బయటపడ్డాం.

స్వీటీ ఆ గ్లౌజుతో రెండు వారాలు సాధన చేసింది. నాకేమీ చెప్పలేదు. చెబితే వింటానని నమ్మకం ఉంటే కదా. ఒక శనివారం షిఫ్టు దిగి నేరుగా వాళ్ల గ్రౌండుకు వెళ్లాను. ఎంపికలకు అప్పటికి ఎనిమిది రోజులు ఉన్నాయి. సాధన మ్యాచ్ నడుస్తోంది. మా పిల్ల చెయ్యి తిప్పి బంతి వేయడం చూస్తుంటే, ఇంత బలం ఈ సన్నని పిల్లకు ఎక్కడిదని నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. వరుసగా ఇద్దరు బ్యాటు తగిలించలేక తిరిగి వెళ్లారు.

మూడో పిల్ల కొట్టింది. చప్పుడు నాకు వినిపించింది గానీ బంతి కనిపించలేదు. స్వీటీ ఎడమ చెయ్యి సరైన సమయానికే, సరైన చోటికే లేచింది. అది మాత్రం నా కళ్లతో చూశాను. గ్లౌజే లేవలేదు. వదులు గాజులాగా మణికట్టు చుట్టూ తిరిగిపోయింది. బంతి గ్లౌజు అంచును రాసుకుంటూ వెళ్లి స్వీటీ మెడ కింది ఎముక మీద తగిలింది. పిల్ల రెండు మోకాళ్ల మీద కూలబడింది. ఏడవలేదు. ఊపిరి అందితే కదా ఏడవడానికి.

నేను పరుగెత్తే లోపే అమరనాథ్ సార్ అక్కడున్నాడు. పిల్లను కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, నా వైపు తిరిగి గ్లౌజు చూపించాడు.

"చెయ్యి టైముకే వచ్చింది ప్రకాశం గారు. గ్లౌజే రాలే. ఏం సైజ్ ఇది?"

"పదమూడు," అన్నాను.

"నేను పన్నెండని రాసిన. చేతికి పట్టి ఉండాలె అని గూడ రాసిన." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలికగా ఉండేది. "ఈ గ్లౌజ్‌తోని స్వీటీని సర్కిల్‌ల నిలబెట్ట. ఎంపికలకు గూడ పంప. రేపు గొంతుకు తగిలితే నేనేం జవాబు చెప్పాలె మీకు?"

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, నాలుగు రోజులు చెయ్యి ఆడించొద్దన్నారు. ఇంటికి వచ్చేసరికి నా భార్య స్వరూప కుట్టుమిషన్ మీద ఉంది. మా వాడకట్టులో సగం జాకెట్లు తనే కుడుతుంది. పిల్ల మెడ దగ్గర ఆ నలుపు చూసి మిషన్ ఆపింది.

"ఇగ బంద్," అంది. "ఆట లేదు, గీట లేదు. పరీక్షలున్నయి, చదువుకో."

"మమ్మీ, ఎనిమిది రోజులే ఉన్నయి."

"ఎనిమిది రోజులల్ల నీ ఎముకలు ఇనుమైతయా? బంద్ అంటే బంద్."

మా అమ్మ కాశమ్మ మంచం మీదినుంచి ప్రభువా ప్రభువా అంటోంది. ఇంట్లో అందరి కళ్లూ నా మీదే ఉన్నట్టు అనిపించింది. తప్పు చేసినవాడికి కోపం ముందు వస్తుంది. నాకూ వచ్చింది. అది పోయి పోయి స్వీటీ మీద పడింది.

"గ్లౌజ్ గ్లౌజ్ అని లొల్లి చేస్తున్నరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. జెర చూసి పట్టాలె గద."

స్వీటీ నన్ను సూటిగా చూసింది. "నేను దుకాణంలనే చెప్పిన డాడీ," అంది. అంతే. లోపలికి వెళ్లి పడుకుంది.

సోమవారం నా కిటికీ ముందుకు వైకుంఠం వచ్చాడు. క్రేను దగ్గర గొలుసులు తగిలించే మనిషి. పాత గ్లౌజులు అరిగిపోయాయని కొత్తవి కావాలన్నాడు. ఎవరొచ్చినా నేను అడిగే మొదటి మాట ఒకటుంది. ఇరవై ఏళ్లుగా తెలిసినవాణ్నైనా అదే అడుగుతాను.

"ఏం పని?"

"ఏం పనేందన్నా, గదే గొలుసు పని," అన్నాడు వైకుంఠం నవ్వుతూ.

బిగువుగా ఉండే జత తీసి ఇచ్చాను. గొలుసు పనివాడికి వదులు గ్లౌజు ఇస్తే గొలుసు దాన్ని పట్టి, దాంతోపాటు చేతిని లాగేస్తుంది. వైకుంఠం తొడుక్కుని వేళ్లు ముడిచి చూసుకున్నాడు. "మస్తు కూసున్నయి. నాకు ఇదిలిచ్చే పరీక్ష లేదా అన్నా?" అని ఎగతాళి చేసి వెళ్లిపోయాడు.

నేను రిజిస్టర్‌లో వైకుంఠం పేరు రాయబోయి ఆగాను. ఏం పని అని అడగకుండా ఈ కిటికీలోంచి ఒక్క జత ఇచ్చింది లేదు. ఏం పనో తెలియకుండా సైజు చెప్పేవాడు స్టోర్‌కీపరే కాదని కొత్త కుర్రాళ్లకు పాఠాలు చెప్పినవాణ్ని. నా కన్నకూతుర్ని మాత్రం ఆ మాట అడగలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. సిగ్గేసింది. భయం కూడా వేసింది, ఆ బంతి ఇంకో నాలుగు వేళ్లు పైన తగిలి ఉంటే అని. ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. పిల్ల ఎంపికలకు పోకుండా ఆగిందంటే అది నా వల్లే. ఆగనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

సాయంత్రం ఇంటికి రాగానే పిల్ల ముందు నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను.

"బిడ్డా, తప్పు నాదే. నిన్ను అడగకుండ కొన్న. ఇప్పుడు చెప్పు. నీ గ్లౌజ్ ఏమేం పని చెయ్యాలె? ఒక్కొక్కటి చెప్పు, నేను రాసుకుంట."

స్వీటీ అనుమానంగా చూసింది. నేను తప్పు ఒప్పుకోవడం అది పుట్టాక ఇదే మొదలు.

"మొదలు దాచాలె," అంది. "నేను బంతిని ఎట్ల పట్టుకుంటున్ననో బ్యాటర్‌కు కనపడొద్దు. కిందికి పడే బంతికి ఒక పట్టు, నెమ్మది బంతికి ఒక పట్టు. పట్టు కనపడితే అయిపాయె, కొట్టేస్తరు. అందుకే వల మూసి ఉండాలె, సైజ్ మరీ చిన్నగ ఉండొద్దు."

"రాసిన. ఇంకా?"

"బంతి నా వేళ్లకు టక్కున దొరకాలె. పదమూడుల బంతి కూసునే గుంత లోతు. లోపల చెయ్యి పెట్టి దేవులాడుకోవాలె. ఇంకోటి, బరువు. చెయ్యి తిప్పుతుంటే అది నా ఎడమ భుజాన్ని కిందికి గుంజుతది. బంతి పక్కకు పోతది."

"ఇంకా?"

"ఇంగ ఇది," అని మెడ కింద నలుపు మీద వేలు పెట్టుకుంది. "వచ్చింది ఆపాలె. చెయ్యి ఎటు పోతే గ్లౌజ్ అటు రావాలె."

నేను రాసినదంతా రెండుసార్లు చదివాను. బయట పన్నెండు, అంతకు పైన వద్దు, కింద వద్దు. లోపల ఆ పిల్ల చెయ్యి ఎంతో అంతే. ఒక వస్తువుకు రెండు కొలతలు ఉంటాయని, బయటిది పనిది, లోపలిది మనిషిదని నాకు అప్పుడు తెలిసింది. స్వీటీ ఎడమ చేతిని కాగితం మీద పరిచి పెన్సిలుతో చుట్టూ గీశాను. వేళ్లు సన్నగా, పొడుగ్గా వాళ్లమ్మవే.

మర్నాడు ఇద్దరం మళ్లీ దుకాణానికి వెళ్లాం. వాడిన గ్లౌజు వెనక్కి తీసుకోనన్నాడు దుకాణదారు, అది న్యాయమే. చిన్నపిల్లల పదకొండు అంగుళాలది తీయించాను. లోపల స్వీటీ చేతికి అతికినట్టు సరిపోయింది. నా ప్రాణం కుదుటపడింది. కానీ స్వీటీ బంతి అందులో పెట్టి నా ఎదురుగా నిలబడింది. సగం బంతి బయటికి కనిపిస్తోంది, దాని మీద వేళ్లు కూడా కనిపిస్తున్నాయి.

"చూసినవా డాడీ? నీకే కనపడ్తుంది."

ఆడపిల్లల చేతికి తగ్గట్టు లోపల సన్నగా ఉండే పన్నెండు అంగుళాలవి జలంధర్ నుంచి తెప్పించాలట, పదిహేను రోజులు పడుతుందట. ఉన్న పన్నెండు మగవాళ్ల చేతికి చేసినది. వల మూసి ఉంది, బరువు తక్కువ, గుంత సరిగ్గా ఉంది. లోపల మాత్రం స్వీటీ వేలు పక్కన ఇంకో వేలు దూరేంత ఖాళీ.

"ఇయ్యి భాయ్," అన్నాను. "లోపల సంగతి నేను చూసుకుంట."

చూసుకున్నాను కూడా. ఆ రాత్రి భోజనాల ముందు వేళ్ల గొట్టాల్లో స్పాంజి ముక్కలు కుక్కాను. నాలుగుసార్లు చెయ్యి పెట్టి తీసేసరికి ముక్కలన్నీ చివరికి పోయి ఉండలు కట్టాయి. బుధవారం తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె తీసుకుని బయటి తోలు తాళ్లన్నీ లాగి బిగించాను. గ్లౌజు ముడుచుకుపోయి గుంత మూసుకుంది, బంతే పట్టలేదు. తాళ్లన్నీ మళ్లీ వదులు చేశాను. మా అమ్మ ఆముదం రాయమంది. నూనె తాగితే బరువెక్కుతుందని స్వీటీ మొత్తుకుంది. స్వరూప మిషన్ మీదినుంచి ఇదంతా చూస్తూనే ఉంది. శనివారం నుంచీ ఈ గ్లౌజు ఊసు ఎత్తితే చాలు మొహం తిప్పుకుంటోంది.

నేను ఆరెతో ఇంకో చోట పొడవబోతుంటే మిషన్ ఆగింది.

"జరుగు," అంది స్వరూప. "జాకెట్ వదులైతే బయట బట్ట ముడుస్తరా ఎవరన్న? లోపల కుట్టు ఏస్తరు."

"నువ్వు బంద్ అంటివి గద."

"ఇప్పుడు గూడ బంద్ అనే అంటున్న. పని ఖరాబ్ చేస్తుంటే చూడలేక వచ్చిన. జరుగు."

స్వరూప గ్లౌజులోకి తన చెయ్యి పెట్టి, ఒక్కొక్క వేలి దగ్గర ఎంత ఖాళీ ఉందో చూసింది. నేను గీసిన కాగితం అడిగింది. తర్వాత మెత్తని తోలు కావాలంది, లోపల పట్టీలు వేయడానికి. అలాంటి తోలు ఇంట్లో ఒక్క చోటే ఉంది. పదమూడు అంగుళాల గ్లౌజు మూలన పడి ఉంది. దాని లోపలి తోలు నిజంగా మంచిది. స్వరూప దాన్ని చూసి, తర్వాత నన్ను చూసింది.

కత్తెర నేనే తీసుకున్నాను. కొత్త వస్తువును కోయడమంటే మా ఇంటా వంటా లేదు. అరచేతి నుంచి వేళ్ల దాకా నిలువునా కోశాను. పైతోలు చాలా గట్టిది. అప్పటికైనా నేను మంచి సరుకే కొన్నానని లోలోపల ఒక మూల అనిపించింది, ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి.

మిషన్ సూదులు రెండు విరిగాక స్వరూప చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. మైనం రాసిన దారం, ఒక్కొక్క కుట్టూ లోపలి వైపే. ప్రతి వేలికీ పట్టీ, అరచేతికి ఒక పలచని పొర. మణికట్టు పట్టా పాత బడి సంచీ నుంచి తీసిన వెల్క్రో అంటుడు పట్టీతో పొట్టిగా చేసింది. నేను ఆరెతో రంధ్రాలు పొడిచి ఇచ్చాను. స్వీటీ ప్రతి పది కుట్లకూ చెయ్యి పెట్టి చూసింది. గురువారం సాయంత్రానికి పని అయింది. కొత్త తోలు మడత పడాలంటే లోపల బంతి పెట్టి తాడుతో కట్టి, దాని మీద బరువు వేయాలి. మా అమ్మ దాన్ని తీసుకుపోయి తన పరుపు కింద పెట్టుకుంది.

"నడుము నొప్పి ఎట్లైన ఉన్నదే," అంది. "ఇంకింత ఉంటే ఏమైతది."

శుక్రవారం పొద్దున్నే స్వరూప చెంగు దోపుకుని కాలనీ గ్రౌండుకు నడిచింది. వెనకాల మేమిద్దరం. అక్కడ నన్ను ఇరవై అడుగుల దూరాన నిలబెట్టింది.

"పిల్ల మీదికి ఎయ్యి," అంది. "పది బంతులు. ఒక్కటి తగిలినా, గ్లౌజ్ ఒక్కసారి తిరిగినా, ఆదివారం పిల్ల ఇంట్ల ఉంటది. ఇగ నాకు ఎవ్వలూ ఏం చెప్పొద్దు."

"నేనెందుకు, ఎవరన్న పిల్లలను పిలుద్దం."

"సైజ్ నువ్వే చెప్పినవ్. బంతి గూడ నువ్వే ఎయ్యి."

ఆ బంతి ఎంత బరువుందో నా చేతికి అప్పుడు తెలిసింది. మొదటిది మెల్లగా వేశాను, పెళ్లిలో అక్షింతలు వేసినట్టు. స్వీటీ దాన్ని పట్టి, నా కాళ్ల దగ్గరికి విసిరేసింది.

"డాడీ, గట్ల ఎవ్వరూ కొట్టరు. గట్టిగ."

రెండోది కొంచెం గట్టిగా వేశాను. "గట్టిగ," అంది మళ్లీ. మూడోది ఇంకొంచెం. నాలుగోదానికి నాకు కోపం వచ్చింది, నా మీదే, వాళ్లిద్దరి మీద, ఆ ఆట మీద. ఉన్న బలమంతా పెట్టి విసిరాను. అది నేరుగా ఆ నలుపు మచ్చ వైపే వెళ్లింది. వెనక్కి పిలవడానికి వీలుంటే పిలిచేవాణ్ని.

టప్ మని చప్పుడైంది. స్వీటీ చెయ్యి వెళ్లిన చోటికే గ్లౌజూ వెళ్లింది. బంతి దాని లోపల ఉంది.

"నాలుగు," అంది స్వరూప.

మిగిలిన ఆరూ అలాగే వేశాను. చివరికి నా భుజం పట్టేసింది. స్వరూప పిల్ల దగ్గరికి వెళ్లి, గ్లౌజును మణికట్టు దగ్గర పట్టుకుని గట్టిగా మెలితిప్పి చూసింది. తర్వాత దాన్ని పిల్ల చేతినుంచి తీసి చంకలో పెట్టుకుంది. స్వీటీ మొహం పాలిపోయింది.

"చిటికెన ఏలు కాడ ఇంక జెర వదులున్నది," అంది స్వరూప. "ఇంకో పట్టీ వెయ్యాలె. నడువుండ్రి, ఎండ ఎక్కుతుంది."

స్వీటీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఇద్దరం స్వరూప వెనకాలే నడిచాం.

ఆదివారం చర్చిలో పొద్దుటి ఆరాధనకు వెళ్లి, అటునుంచి అటే ఎంపికలకు వెళ్లాం. గేటు దగ్గర అమరనాథ్ సార్ గ్లౌజు అడిగి తీసుకున్నాడు. లోపల వేళ్లు పెట్టి తడిమాడు. స్వీటీ చేతికి తొడిగించి, పట్టుకుని అటూ ఇటూ గుంజాడు.

"ఎవరు కుట్టిండ్రు ఇది?"

"వాళ్ల మమ్మీ," అన్నాను.

ఆయన స్వరూపకు నమస్కారం పెట్టి, పేర్ల కాగితంలో స్వీటీ పేరు పక్కన టిక్కు పెట్టాడు.

పదకొండు మంది పిచర్లు వచ్చారు. ఒక్కొక్కరూ ఆరుగురికి బంతులు వేయాలి. స్వీటీ వంతు తొమ్మిదోది. మొదటి ముగ్గురు బంతి ఎటు పడుతోందో తెలియక గాలిలో కొట్టి పోయారు. గ్లౌజు లోపల ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో, రెండు రోజులు దాని ముందే కూర్చున్న నాకే కనిపించలేదు. నాలుగో పిల్ల ఎత్తరి, భుజాలు గట్టివి. రెండు బంతులు వదిలేసి మూడోదాన్ని కొట్టింది.

ఆ శనివారం సాధన మ్యాచ్‌లో విన్న చప్పుడే. స్వరూప నా పక్కన లేచి నిలబడింది. లేస్తూ నా భుజం పట్టుకుంది.

స్వీటీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఎడమ చెయ్యి ఛాతీ ముందే ఉంది, గ్లౌజు మూసుకుని ఉంది. అందరూ ఒక క్షణం బంతి ఎక్కడ అని వెతుక్కున్నారు. స్వీటీ గ్లౌజు తెరిచి చూపించింది.

ఎంపిక చేసే పెద్దాయన ఒకాయన ఆట ఆపించి దగ్గరికి వెళ్లాడు. దెబ్బ తగిలిందా, కాసేపు ఆగుతావా అని అడిగినట్టున్నాడు. స్వీటీ ఆయనకు జవాబు చెప్పలేదు. జనంలోకి చూసింది. నా కోసం కాదు, వాళ్లమ్మ కోసం. ఆడుతావా మానుతావా అన్నది ఆ పెద్దాయన చేతిలో లేదు, కోచ్ చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు. స్వరూప ఒక్క మాట అంటే ఆ పిల్ల బంతి అక్కడ పెట్టి వచ్చేస్తుంది.

నా భుజం మీద ఉన్న స్వరూప గోళ్లు చొక్కాలోంచి దిగుతున్నాయి.

"నన్నేం చూస్తున్నవే," అని గ్రౌండు మొత్తం వినపడేటట్టు అరిచింది. "ఇంక ఇద్దరున్నరు. ఎయ్యి."

స్వీటీ తిరిగి గీత మధ్యకు వెళ్లి వేసింది. ఆ ఇద్దరూ బ్యాటు తగిలించలేకపోయారు.

మధ్యాహ్నం పేర్లు చదివారు. పిచర్లలో రెండో పేరు స్వీటీ, తండ్రి పేరు ప్రకాశం అని వినిపించింది. తల్లి పేరు వాళ్లు చదవలేదు. నేను నలుగురిలో లేచి నిలబడి, స్వరూప కూతురు అని గట్టిగా చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. మా వాడకట్టులో ఇప్పుడు అందరూ అదే చెప్పుకుని నవ్వుతున్నారట. నవ్వుకోనీ, చెప్పింది నిజమే కదా.